అమ్మ చెవి బిళ్లలు

ఇనప సామాను కొట్లో మేకులు కొన్నా, బంగారం కొట్లో ముక్కుపుడక కొన్నా, "చివరి మాట చెప్పండి" అనకుండా నేను బయటికి రాలేను. ఒకసారి రక్తపరీక్ష చేయించుకోబోయి అక్కడ కూడా అన్నాను. సూది పట్టుకున్న అమ్మాయి నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. బుద్ధి మాత్రం రాలేదు.

ఇదంతా మా అమ్మ పెంపకం. చిలకలూరిపేటలో మాది పరుపుల కొట్టు. మేం దూదేకులవాళ్లం. తాత విల్లుతో దూది ఏకేవాడు, నాన్న మిషన్ పెట్టాడు. నాన్న పోయాక మిషన్ తమ్ముడికి, గల్లాపెట్టె అమ్మకి వచ్చాయి. నేను పెళ్లయి గుంటూరు వచ్చి, జాకెట్ ముక్కలూ లైనింగులూ అమ్మే చిన్న కొట్టు పెట్టుకున్నాను. ఒకే ఎరుపులో పదహారు ఎరుపులున్నాయని నమ్మించి అమ్మగలను. అయినా అమ్మ ముందు నేనెప్పుడూ పనికొచ్చే రకం కాదు.

అమ్మ బేరం కళ్లతో కాదు, చెవులతో చేసేది. చిన్నప్పుడు గల్లా పక్కన కూర్చోబెట్టుకుని చెప్పేది. "మొగుడు రేటు అడుగుతాడు. అది వట్టిదే. పక్కకి తిరిగి పెళ్లాం ఏదో గొణుగుతుంది చూడు, అసలు బేరం అదీ. నువ్వు దూది సర్దుతున్నట్టు కూర్చుని అది విను." పరుపు కావాలా వద్దా, ఈ కొట్లోనా పక్క కొట్లోనా, ఎంతదాకా వస్తారు, అన్నీ ఆ గొణుగుడులోనే ఉంటాయని అమ్మ లెక్క. ఎన్నడూ తప్పలేదు.

మిషన్ రొదలో ఏళ్ల తరబడి కూర్చున్న చెవుల్లోంచి మొదట పోయింది ఆ గొణుగుడే. తరవాత మామూలు మాటలూ పోవడం మొదలుపెట్టాయి. బూరుగు దూది దిండ్లు అడిగినవాళ్లకి పిల్లల బొంతలు తీసి చూపించేది. వాళ్లు నవ్వేవాళ్లు. ఎందుకు నవ్వుతున్నారో తెలియక అమ్మ కూడా నవ్వేది.

ఆ ఏడు పెళ్లిళ్ల సీజన్‌కి ముందు తమ్ముడు నన్ను పిలిచి మాట కదిపాడు. అమ్మ అక్కడే దిండు మూల కుడుతూ కూర్చుంది.

"అక్కా, ఈ సీజన్ అయిపోయాక గల్లా దగ్గర నేను కూర్చుంటా. మిషన్‌కి మనిషిని పెట్టుకుంటా. అమ్మ ఇంటిపట్టున ఉంటది. ఎన్నాళ్లని చేస్తది?"

వాడి మాటలో తప్పేం లేదు. వాడు మంచివాడు. అమ్మకి వినపడదనుకుని మామూలు గొంతుతోనే అన్నాడు. వినపడలేదు కూడా. కానీ మా ఇద్దరి మొహాలూ గల్లాపెట్టె వైపు తిరగడం చూసిందేమో, సూది ఆపి, పెట్టె మీద ఒక చెయ్యి వేసి కూర్చుంది.

"ఒరేయ్, సీజన్ దాకా ఆగు," అన్నాను. "చెవికి మిషన్ పెట్టిద్దాం. అప్పటికీ కుదరకపోతే నువ్వే కూర్చో."

"సరే. సీజన్ దాకా," అన్నాడు.

గుంటూరులో నాకు తెలిసినవాళ్లు చెప్పిన చోటికి అమ్మని తీసుకెళ్లాను. అక్కడ చెవులు పరీక్ష చేసే మేడం చిన్న వయసుదే, ఓపిక చాలా. అమ్మని అద్దాల గదిలో కూర్చోబెట్టి రకరకాల చప్పుళ్లు వినిపించింది. రెండు చెవులకీ మిషన్లు కావాలంది. తరవాత బల్ల మీద రెండు రకాలు పెట్టింది. చూడ్డానికి రెండూ ఒకలాగే ఉన్నాయి, చెవి వెనక తగిలించుకునేవి.

"ఇందులో బ్యాటరీ బిళ్ల వేసుకోవాలండీ. అయిపోయిందంటే తీసి పారేసి కొత్తది వేసుకోవడమే. ఈ రెండోది ఫోన్ లాగా ఛార్జింగ్. రాత్రి డబ్బాలో పెడితే తెల్లారేసరికి నిండిపోతుంది. పగలంతా వస్తుంది. ఖరీదు కొంచెం ఎక్కువ."

ఎక్కువ అన్న మాట చెవిన పడగానే నా బుర్ర అక్కడే ఆగిపోయింది.

మేడం అమ్మ చేతులు తన చేతుల్లోకి తీసుకుని చూసింది. పెద్ద సూదులు లాగీ లాగీ అమ్మ వేళ్లు వంకర్లు తిరిగాయి, బొటనవేలు సరిగా వంగదు. "ఈ వేళ్లతో శనగబద్దంత బిళ్ల మార్చడం కష్టమండీ. మీ అమ్మగారికి ఛార్జింగ్ రకమే సుఖం," అంది.

నేను మనసులో నవ్వుకున్నాను. ఖరీదైన సరుకు ముందుకు తొయ్యాలంటే కొనేవాళ్ల చెయ్యి పట్టుకుని ప్రేమగా చూడాలని నాకు తెలియదా? మెత్తటి లైనింగ్ అంటగట్టేటప్పుడు నేనూ, "మీ ఒంటికి ఈ చవకది గుచ్చుకుంటుందమ్మా," అంటాను. ఆవిడ నిజం చెబుతోందని తట్టనే లేదు. మా వ్యాపారం మనుషులకి ఇదొక జబ్బు. ఎదుటివాళ్ల మంచి మాటకి కూడా రేటు కడతాం.

బిళ్లల రకమే తీసుకున్నాం. పైగా, "బిళ్లలు ఊరికే ఇస్తేనే," అని పట్టుబట్టి, ఆవిడ విసిగిపోయేదాకా కూర్చుని, సీజన్ మొత్తానికి సరిపడా అట్టలు రాబట్టాను. గుండ్రటి అట్టకి ఆరేసి బిళ్లలు, ఒక్కోదాని వీపున నారింజరంగు స్టిక్కర్. మేడం ఏవో జాగ్రత్తలు చెబుతూనే ఉంది. నేను ఇంకో అట్ట అడుగుతూనే ఉన్నాను.

అప్పుడు మేడం అమ్మ చెవులకి మిషన్లు తగిలించి మీట నొక్కింది. అమ్మ ఒక్కసారి భుజాలు ముడుచుకుంది. ఫ్యాను వైపు చూసింది, తలుపు వైపు చూసింది, చివరికి నా వైపు తిరిగింది.

"ఏమే, నువ్వు బేరమాడేటప్పుడు ఇంత గట్టిగా అరుస్తావా?"

మేడం తల వంచుకుని నవ్వింది. బస్సులో ఇంటికెళ్లేటప్పుడు అమ్మ దారి పొడుగునా వెనక సీటువాళ్ల మాటలు విని నా చెవిలో చెబుతూనే ఉంది. అత్తాకోడళ్లట, మిరపకాయలు కోల్డ్ స్టోరేజీలో పెట్టాలా అమ్మాలా అని పోట్లాడుకుంటున్నారట. "అమ్మమనే కోడలి మాటే రైటు," అంది అమ్మ. కళ్లు మెరుస్తున్నాయి.

మొదట్లో అంతా బాగానే నడిచింది. కొంగు చెవుల మీదికి లాక్కుంటే మిషన్ గరగరమంటోందని, తల మీది కొంగు కాస్త వెనక్కి వేసుకోవడం నేర్చుకుంది. బిళ్లలు మార్చే పని మరదలు చేసేది. కానీ పోనుపోను బిళ్లలు నిలవడం మానేశాయి. వారం నిలవాల్సినవి రెండు మూడు రోజులకే అయిపోతున్నాయి. తరవాత పొద్దున వేసింది మధ్యాహ్నానికే. సరిగ్గా సీజన్ నడుస్తుండగా ఒక రోజు తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, ఇయ్యాల పెళ్లివాళ్లొచ్చారు. రెండు పరుపులు, నాలుగు దిండ్లు. బేరం మధ్యలో అమ్మ చెవి మిషన్లు రెండూ ఆగిపోయినయ్. నేను మిషన్ కాడున్నా, చూసుకోలేదు. వాళ్లేదడిగినా అమ్మ తలూపింది. దిండ్లు ఊరికే ఇచ్చినట్టయింది."

"అమ్మేమంది?"

"ఏమంటది? వాళ్లు పోయాక నా మొహం చూసి తెలుసుకుంది. అన్నం తినలా. నేనేం అన్లేదక్కా, నీ మీదొట్టు."

వాడేమీ అనకపోవడమే అమ్మకి ఎక్కువ బాధ అని నాకు తెలుసు. గల్లా చేజారడానికి ఒక్క సీజన్ గడువు ఉంటే, అందులో సగం పాచిపోయిన బిళ్లలు తినేశాయి. నాకు ఒళ్లు మండింది. పేట వెళ్లి మిగిలిన అట్టలన్నీ సంచీలో వేసుకుని, తిరిగొచ్చి నేరుగా మేడం దగ్గరికి పోయాను. బయట బెంచీ మీద ఇంకా నలుగురు కూర్చుని ఉన్నారు. నా గొంతుకి వాళ్లెవరికీ మిషన్ అవసరం లేకపోయింది.

"ఊరికే ఇచ్చారని నిలవ సరుకు ఇస్తారా మేడం? మేమూ వ్యాపారస్తులమే. పాత సరుకు అంటగడితే కనిపెట్టలేమనుకున్నారా?"

ఆవిడ ఒక బిళ్ల తీసి దీపం కింద పెట్టింది. గోటితో స్టిక్కర్ మెల్లగా లేపింది. "ఇది ఒకసారి తీసి మళ్లీ అంటించిన స్టిక్కరండీ. చూడండి, వంకరగా ఉంది." ఇంకోటి లేపింది. దాని జిగురుకి సన్నటి తెల్లటి పోగొకటి అంటుకుని ఉంది. ఆవిడకి అదేమిటో తెలియలేదు. నాకు తెలియకుండా ఎలా ఉంటుంది? దూది.

"ఈ బిళ్లలు గాలి పీల్చి పని చేస్తాయండీ. వెనకాల చిన్న చిల్లులుంటాయి. స్టిక్కర్ తీసిన క్షణం నుంచి ఖర్చవడం మొదలు. మళ్లీ అంటించినా ఆగదు. వేసుకునే రోజు మాత్రమే తీయమని ఆ రోజు చెప్పాను కదా." ఆ రోజు నేను ఇంకో అట్ట అడుగుతున్నాను.

బెంచీ మీద నలుగురి వైపు చూడకుండా బయటపడ్డాను.

పేట వెళ్లి అడిగితే అమ్మ దాచలేదు. "అన్నీ విప్పి చూశా. ఏం, చూడకూడదా? మిషన్‌లో పెట్టి ఒక్కోటి పలికిందా లేదా చూసి మళ్లీ అంటించా. నీ మరదలు కూడా ఉంది పక్కన. ఊరికే ఇచ్చిన సరుకంటే ఇంకాస్త చూసుకోవద్దూ?"

మా కొట్లో దిండు కుట్టినా, పరుపు కుట్టినా, ఒక మూల కుట్టకుండా వదులుతాం. కొనేవాళ్లు ఆ మూలలోంచి వేళ్లు పెట్టి లోపలి దూది చిటికెడు పీకి చూసుకోవాలి. పైన మంచి దూది, లోపల మిల్లు చెత్త కూరే వాళ్లున్నారు గనక, మూసేసిన సరుకు మేం అమ్మం, కొనం. నోటు లెక్కపెట్టాకే ఆ మూల కుట్టేది. ఇంట్లో సబ్బు కొన్నా కాగితం విప్పి వాసన చూడందే అమ్మ లోపలికి రానిచ్చేది కాదు. అంత మంచి అలవాటు ఆ బుల్లి బిళ్లలని చంపేసింది.

"గాలి తగిలితే చచ్చిపోతాయటమ్మా," అన్నాను.

అమ్మ ముక్కు విరిచింది. "దూదైతే గాలి తగలకపోతేనే చస్తది. ఇదేం సరుకే!"

ఇక ఛార్జింగ్ రకమే దిక్కని నిశ్చయించుకుని, సిగ్గు చంపుకుని మళ్లీ మేడం దగ్గరికెళ్లాను. పాతవి వాపసు తీసుకుని, తేడా ఖరీదులో తగ్గించి, కొన్నాళ్లు వాడి చూశాకే ఖాయం చేసుకునేట్టు ఒప్పించాను. ఇంత అవమానం తరవాత కూడా బేరమాడానా అంటే, ఆడాను. ఛార్జింగ్ డబ్బాకి గుడ్డ సంచీ కూడా అడిగి తెచ్చుకున్నాను.

అది నిజంగా సుఖంగానే ఉంది. పడుకోబోయే ముందు అమ్మ తనే మిషన్లు తీసి డబ్బాలో పెట్టేది, రెండు చిన్న దీపాలు వెలిగేవి. వేళ్లతో తిప్పలు లేవు, మరదలిని పిలవక్కర్లేదు. మేడం మొదటి రోజే చెప్పిన మాట అక్షరాలా నిజమని ఒప్పుకున్నాను. మనసులోనే.

అంతలో గాలివాన వచ్చింది. మిరప కల్లాల మీద పట్టాలు ఎగిరిపోయాయని, స్తంభాలు పడిపోయాయని ఫోన్ల మీద ఫోన్లు. పేటలో సగం ఊరికి రాత్రంతా కరెంటు లేదు. పొద్దున అమ్మ డబ్బా తెరిస్తే దీపాలు లేవు, మిషన్లలో ప్రాణం లేదు. కరెంటు మధ్యాహ్నం దాటాక వచ్చింది. వచ్చాక కూడా అవి నిండేదాకా ఆగాలి. ఆ పూట తమ్ముడు, "ఈ ఒక్క పూటకీ నేను చూసుకుంటాలేమ్మా," అని సైగ చేసి గల్లా దగ్గర కూర్చున్నాడు.

నేను వెళ్లేసరికి అమ్మ దూది గుట్ట పక్కన, కొనడానికి వచ్చిన చుట్టంలాగా కూర్చుని ఉంది. మిషన్లు అప్పటికే నిండాయి. చెవులకి పెట్టుకుని కూడా గల్లా దగ్గరికి పోలేదు. తమ్ముడు లేవబోతే, "కూర్చో," అంది.

నన్ను మాత్రం దగ్గరికి పిలిచింది. "నాకు ఆ బిళ్లలే తెచ్చిపెట్టు."

"అదేందమ్మా! ఇది బాగుందన్నావుగా?"

"బాగుంది. కాదన్లా. కానీ ఇది పోతే నిండిందాకా కూర్చోవాల. బిళ్ల పోతే ఇంకోటి వేసుకుంటా, అయిపోద్ది. బేరం మధ్యలో పోతే బేరం మధ్యలోనే వేసుకుంటా. ఈ పూట వాడు కూర్చున్నాడు. ఏమన్నా తప్పుగా చేశాడా? శుభ్రంగా చేశాడు. ఇట్టాంటివి నాలుగు పూటలయినయ్యంటే ఇంక నన్ను లెమ్మని ఎవరూ అనక్కర్లా, నేనే లేచిపోతా."

"మరి వేళ్లో?"

అమ్మ నా సంచీ దగ్గరికి లాక్కుంది. అందులో మిగిలిపోయిన చచ్చిన బిళ్ల ఒకటి, ఆ పాత రకం మిషన్‌కుండే చిన్న తలుపుకి బదులుగా అగ్గిపెట్టె మూత ఒకటి తీసుకుని, దూది గుట్ట పక్కనున్న కుట్టు బల్ల దగ్గర అలవాటు చేసుకోవడానికి కూర్చుంది. పట్టుకుంటే జారింది. మళ్లీ పట్టుకుంటే బొటనవేలి కింద నుంచి ఎగిరి దూది గుట్టలో పడింది. నేను గుట్ట కెలకబోయాను.

"చెయ్యి పెట్టమాక, సూదులుంటయ్," అని కసిరి, అలవాటు కొద్దీ బల్ల కాలికి తాడుతో కట్టి ఉండే అయస్కాంతం అందుకుంది. కుట్టేటప్పుడు సూది జారి పరుపులో ఉండిపోతే పడుకున్నవాళ్లకి గుచ్చుకుంటుంది. అందుకే ప్రతి పరుపు మీదా, గుట్ట మీదా ఆ అయస్కాంతం తిప్పడం మా కొట్లో రోజూ ఉండే పనే. అమ్మ దూదిలో రెండుసార్లు తిప్పింది. పైకి తీస్తే దాని కొసకి సూది లేదు, బిళ్ల వేలాడుతోంది.

ఇద్దరం దాన్నే చూస్తూ ఉండిపోయాం. అమ్మ అయస్కాంతాన్ని అలాగే పట్టుకుని అగ్గిపెట్టె మూతలో బిళ్ల పెట్టి, వేలితో అదిమి, అయస్కాంతం పక్కకి జరిపింది. బిళ్ల అక్కడే ఉంది. అమ్మ మొహం నేను చెప్పలేను.

నాలుగోసారి మేడం ముందు కూర్చున్నప్పుడు నేను నోరు విప్పలేదు. అమ్మే మాట్లాడింది. అంతా విని మేడం, "తప్పేం లేదమ్మా, మీకు ఏది వీలైతే అదే మంచిది," అని ఛార్జింగ్ రకం వెనక్కి తీసుకుని బిళ్లల రకమే ఇచ్చింది. బిళ్లని ఎత్తేంత చిన్న అయస్కాంతం ఉంటే చాలని, పెద్దది మిషన్ దగ్గరికి తేవద్దని చెప్పింది. స్టిక్కర్ తీశాక కాసేపు గాలి తగలనిచ్చి అప్పుడు వెయ్యమంది. చెమట పట్టినా దూదిపోగు అడ్డం పడినా తుడుచుకోమంది. ఈసారి నేను ప్రతి ముక్కా విన్నాను. చివర్లో నా వైపు తిరిగి, "చివరి మాట మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?" అంది. గుడ్డ సంచీ వాపసు ఇచ్చేసి లేచాను.

సీజన్ ఆఖర్లో ఒక రోజు పేటలోనే ఉన్నాను. మార్టూరు నుంచి ఒక జంట వచ్చింది, రాళ్లు పాలిష్ పట్టే చోట పని, కొత్తగా కట్టుకున్న ఇంట్లోకి పరుపు కావాలి. కుట్టని మూలలోంచి దూది పీకి చూసుకున్నారు. బేరం నడుస్తోంది. తమ్ముడు మిషన్ ఆపి, వాకిట్లోకొచ్చి నిలబడ్డాడు, అవసరమైతే అందుకుందామని.

"చివరి మాట చెప్పు మామ్మా," అన్నాడతను.

అమ్మ చెయ్యెత్తింది. "ఆగు నాయనా. బ్యాటరీ అయిపోయింది. నాకేం వినపడట్లా."

ఏ కంగారూ లేకుండా కుడిచెవి మిషన్ తీసి బల్ల మీద పెట్టింది. కొంగు జారి ఎడమ చెవి మిషన్‌ని కప్పేసి ఉంది. చిన్న అయస్కాంతంతో బిళ్ల బయటికి తీసి, దీపం వైపు పట్టి చూసి, కొంగుతో తుడిచి, నెమ్మదిగా, చాలా నెమ్మదిగా పని చేసుకుంటోంది.

వాళ్లిద్దరూ ఊరికే నిలబడలేకపోయారు. పెళ్లాం మొగుడి వైపు తిరిగి మామూలు గొంతుతోనే, "ఇచ్చెయ్యి. ఎందుకు ఊరికే? ఇంత మంచి దూది నాలుగు కొట్లు తిరిగినా కనపళ్లా. మళ్లీ ఆటోకి తిరగాల్సొస్తది," అంది.

"ఇంకొంచెం లాగుదామే."

"ఆమె దిగేటట్టు లేదు. ఒక దిండు అడుగు, చాలు."

అమ్మ మిషన్ చెవికి తగిలించుకుంది. తల ఎత్తి చిరునవ్వు నవ్వింది. "ఆఁ, ఏమన్నావు నాయనా? రేటు తగ్గదు గానీ, కొత్త ఇల్లంటున్నారు, ఒక దిండు నా తరఫున తీసుకోండి."

ఆమె మొహం వెలిగిపోయింది. అతను డబ్బు తీశాడు. తమ్ముడు అమ్మ వైపు, నా వైపు చూసి, లోపలికెళ్లి మిషన్ వేశాడు. ఆ సీజన్ తరవాత గల్లా సంగతి వాడు మళ్లీ ఎత్తలేదు.

వాళ్లు ఆటో పిలుచుకురావడానికి వెళ్లాక నేను బల్ల కింద, పెట్టె పక్కన, చాప మీద వెతికాను. కొత్త బిళ్ల వేస్తే నారింజరంగు స్టిక్కర్ ఎక్కడో పడి ఉండాలి. ఎక్కడా లేదు. తీసిన బిళ్లే మళ్లీ వేసుకుంది.

"అమ్మా, అసలు బ్యాటరీ అయిపోయిందా?" అని అడిగాను.

అమ్మ కొంగు సర్దుకుని, దారం ఎక్కించిన సూది నా చేతిలో పెట్టింది.

"ఏందే చూస్తన్నావ్? వాళ్ల ఆటో వచ్చేలోపు ఆ మూల కుట్టు."